పిల్లలున్న ఇంట్లో విషపు పూలమొక్కలు: ఏవి ఉంచాలి, ఎక్కడ ఉంచాలి, ఎలా పెంచాలి

హైదరాబాద్ దాటి ఏ హైవే ఎక్కినా డివైడర్ మీద గన్నేరు కనిపిస్తుంది. మే నెల ఎండలో, లారీల పొగలో, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియని చోట నిండుగా పూసి ఉంటుంది. మేక దాని జోలికి రాదు, ఆవు మూతి పెట్టదు. అలా కాపాడుతున్నది దాని ఆకులోని విషమే. మన బాల్కనీకి సరిపోయే మొక్క ఇవ్వమని నర్సరీలో అడిగితే ఎండకు ఆగేది, పురుగు పట్టనిది, వారం నీళ్లు మరిచినా బతికేది చూసి ఇస్తారు. అందుకే గన్నేరు, అడీనియం, లాంటానా, డిఫెన్‌బాకియా, మనీ ప్లాంట్ లాంటివి మన ఇళ్లకు ఇంత సులువుగా వచ్చేస్తాయి. అవి విషపు మొక్కలని అమ్మేవాళ్లు చెప్పరు, మనమూ అడగం.

వీటన్నిటినీ పీకేయమని నేను చెప్పడం లేదు. వీటిలో చాలావాటిని పిల్లలున్న ఇంట్లో కూడా నిశ్చింతగా పెంచుకోవచ్చు. కాకపోతే, ‘ముట్టుకోవద్దని చెప్పాం కదా, ముట్టుకోడులే’ అన్న ధీమాతో మాత్రం ఒక్క కుండీ కూడా ఉంచకండి. మూడేళ్ల పిల్లకు మాట అర్థమవుతుంది, కానీ ఆ మాట గుర్తొచ్చేలోపే చేయి పని కానిచ్చేస్తుంది. మొక్కకూ పిల్లకూ మధ్య మన మాట కాకుండా ఒక గోడో, తాళమో, ఎత్తో అడ్డుండాలి. కింద చెప్పేదంతా ఆ అడ్డు ఎలా కట్టాలన్నదే.

మొదటి పని: ఇంట్లో ఉన్న ప్రతి మొక్కకూ అసలు పేరు తెలుసుకోవడం

ఒక ఆదివారం పొద్దున్న నోట్‌బుక్, ఫోన్ పట్టుకుని బాల్కనీ, మిద్దె, మెట్ల పక్క, హాల్లో టీవీ పక్క అన్నీ తిరగండి. ప్రతి మొక్కకూ మూడు ఫొటోలు తీయండి: మొత్తం మొక్క, ఆకు దగ్గర నుంచి, పువ్వు లేదా కాయ. తర్వాత పేరు రాయండి. ‘షో మొక్క’, ‘ఎర్ర పూలది’, ‘పెద్దమ్మ ఇచ్చింది’ అని రాస్తే లాభం లేదు. రాత్రి పదకొండు గంటలకు డాక్టర్ ‘ఏం తిన్నాడు?’ అని అడిగితే చెప్పగలిగే పేరు కావాలి.

ఫోన్ యాప్‌లు పేరు చెబుతాయి కానీ వాటినే నమ్ముకోకూడదు. దగ్గరి పోలికలున్న మొక్కల దగ్గర తడబడతాయి. యాప్ చెప్పిన పేరు పట్టుకుని నర్సరీలో ఇంకోసారి అడగండి. అప్పటికీ తేలకపోతే రాజేంద్రనగర్ ఉద్యాన కళాశాలలో చూపించవచ్చు. కడియం నుంచి వచ్చే కొత్త రకాలకు ఇక్కడి నర్సరీల్లో తలా ఒక పేరు పెడుతుంటారు కాబట్టి ఈ పని కొంచెం ఓపికగా చేయాలి.

గన్నేర్ల దగ్గర మరీ జాగ్రత్త. పొడవాటి సన్నటి ఆకులు, గులాబీ, ఎరుపు లేదా తెలుపు పూల గుత్తులు ఉన్నది మామూలు గన్నేరు. గంట లాంటి పసుపు పూలు, పచ్చటి మూలల కాయలు ఉన్నది పచ్చగన్నేరు. జానెడు, మూరెడు ఎత్తున ఏడాదంతా పూసే చిన్నది బిళ్లగన్నేరు. గుడి ఆవరణల్లో పెద్ద చెట్టుగా, మందపాటి కొమ్మలతో, మంచి వాసనతో ఉండేది దేవగన్నేరు. మొదటి రెండూ గుండె మీద పనిచేసే విషాలు. బిళ్లగన్నేరులో ఉన్నవి వేరే రకం. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు దాని నుంచే వచ్చాయంటే ఎంత ఘాటైనవో ఊహించుకోవచ్చు. దేవగన్నేరు పాలు చర్మానికి దురద, మంట పుట్టిస్తాయి, అంతకుమించి పెద్ద భయం లేదు. ఆసుపత్రిలో ‘గన్నేరు తిన్నాడు’ అన్నప్పుడు ఏ గన్నేరో చెప్పలేకపోతే చికిత్సకు దారే తప్పుతుంది.

పేరు ఖాయమయ్యాక చెరగని మార్కర్‌తో కుండీ మీదే రాసేయండి. చీటీ వర్షానికి పోతుంది.

రెండో పని: వేరు చేయడం

ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి. ‘విషం’ అన్న ఒక్క మాట కింద మనీ ప్లాంట్‌నూ గురివిందనూ ఒకే గాట కడితే అనవసరమైన చోట టెన్షన్ పడి, భయపడాల్సిన చోట ఏమరుపాటుగా ఉంటాం. నేను మూడు ప్రశ్నలు అడిగి, మొక్కల్ని మూడు వరుసలుగా వేరు చేస్తాను. తింటే ప్రాణం మీదికి వస్తుందా? నోట్లో పెట్టుకోవాలనిపించే కాయో గింజో ఉందా? నోట్లో పెట్టగానే పిల్ల ఉమ్మేసేంత మంటో చేదో ఉందా? మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. గన్నేరు ఆకు చేదు, పిల్లలు సాధారణంగా ఒక్క కొరుకుతో ఆగిపోతారు. అలా ఆపే గుణం లేని మొక్కలే నిజంగా భయపెట్టేవి.

*ఇంట్లో వద్దే వద్దు అనుకోవాల్సినవి.* పిల్లలకు కనీసం ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద తీగ, ఆముదం, జట్రోఫా (అడవి ఆముదం), అగ్నిశిఖ ఇంట్లో ఉండకూడదు.

పచ్చగన్నేరు కాయను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నున్నగా, పచ్చగా, పిల్లల గుప్పిట్లో సరిగ్గా ఇమిడేంత ఉంటుంది. ముదిరాక నల్లబడి, మెత్తబడి రాలుతుంది. పైతోలు పోతే లోపల గట్టి టెంకె, దాన్ని పగలగొడితే తెల్లటి పప్పు. మన వీధుల్లో బాదం చెట్ల కింద రాలిన కాయల్ని రాయితో కొట్టి పలుకు తినడం పిల్లలకు అలవాటు. వాళ్ల కళ్లకు ఇదీ అలాంటిదే. చెట్టు మొత్తంలో విషం ఎక్కువగా ఉండేది ఆ పప్పులోనే. ఒకటి రెండు గింజలు కూడా పసివాళ్లకు ప్రాణాపాయం. మన దగ్గర ఇది శివపూజ కోసమని కాంపౌండ్ గోడ పక్కన పెరుగుతూ ఉంటుంది. పూజకు పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లోనో గుడి ముందరో కొనుక్కుందాం. నాలుగైదేళ్ల పాటు చెట్టు లేకపోతే శివుడేమీ అనుకోడు.

ఉమ్మెత్తను పెంచకపోయినా ఖాళీ ప్లాట్లలో అదే మొలుస్తుంది. ముళ్ల కాయ పగిలితే లోపలి గింజలు ఎండుమిరప గింజల్లా ఉంటాయి. వేలాడే పెద్ద బూరల పూలతో ‘ఏంజెల్స్ ట్రంపెట్’ పేరుతో నర్సరీలు అమ్మే బ్రగ్‌మాన్సియా కూడా దీని దగ్గరి చుట్టమే, విషమూ అదే కోవది. గురివింద గింజ ఎర్రగా, నల్ల మచ్చతో పిల్లల్ని పిలిచినట్టే ఉంటుంది. పెంకు గట్టిది కాబట్టి గింజను మొత్తంగా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది, కొరికి నమిలితే మాత్రం అబ్రిన్ అనే భయంకరమైన విషం ఒంట్లోకి చేరుతుంది. దండలు గుచ్చడానికి రంధ్రం పెట్టిన గింజలు ఇంకా ప్రమాదం, పెంకు కాపలా అక్కడ లేదు. ఎగ్జిబిషన్లలో కొన్న గురివింద దండలు, బొమ్మల కళ్లు ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి. జట్రోఫాది ఇంకో రకం మోసం. గింజ కమ్మగా ఉంటుంది, పిల్లలు ఒకరిని చూసి ఒకరు పల్లీల్లా తినేస్తారు, ఆ తర్వాత అందరికీ కలిపి వాంతులు, విరేచనాలు. ఎర్ర ఆకుల ఆముదాన్ని అందం కోసం పెంచేవాళ్లున్నారు, దాని గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. అగ్నిశిఖ పువ్వు మంటల్లా ఎంత బాగుంటుందో, దాని దుంపలోని కాల్చిసిన్ అనే విషం అంత ప్రమాదం.

*తాళం వెనుక ఉంచదగ్గవి.* గన్నేరు, అడీనియం, జిల్లేడు, పెన్సిల్ కాక్టస్, లాంటానా, అల్లమండ, డ్యురాంటా, రాత్రిరాణి, బిళ్లగన్నేరు, కలాంచో ఈ వరుసలోకి వస్తాయి. రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ గడ్డలనూ ఇక్కడే పెట్టండి, అవి చిన్న ఉల్లిగడ్డల్లా ఉంటాయి. అడీనియం బోన్సాయ్ లాగా ముద్దుగా ఉందని టీపాయ్ మీద పెడుతున్నారు. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాల మొనలకు పూసిన విషం దాని రసమే. అది టీపాయ్ మీద ఉండాల్సిన మొక్క కాదు.

*ఎత్తు మీద ఉంచితే సరిపోయేవి.* మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, అగ్లోనీమా, పీస్ లిల్లీ, మాన్‌స్టెరా, అలొకేషియా, ఆంథూరియం, కలాడియం. ఇవన్నీ మన చేమ, కంద ఉన్న కుటుంబానివే. కంద చెక్కు తీసినప్పుడు చేతులు ఎందుకు దురద పెడతాయో, చింతపండు వేసి ఎందుకు వండుతామో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. ఆ దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్ సూదులు, కంటికి కనిపించనంత సన్నటివి. ఈ ఆకుల్లోనూ అవే ఉంటాయి. పిల్ల డిఫెన్‌బాకియా ఆకు కొరికిందంటే ఆ క్షణమే నాలుక, పెదవులు, బుగ్గల లోపల మంట మొదలవుతుంది, చొంగ కారుతుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది. మంట వెంటనే వస్తుంది కాబట్టి ఎక్కువ మింగరు. ప్రాణాపాయం అరుదు. అయితే గొంతు లోపల వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం అది ఎమర్జెన్సీయే. ఈ కుటుంబంలో డిఫెన్‌బాకియా అన్నిటికంటే ఘాటు, పాకే పిల్లలున్నప్పుడు దాన్ని రెండో వరుసకు జరిపేయండి.

పాయిన్‌సెట్టియా గురించి భయపెట్టే మాటలు ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి. పాలు చర్మానికి చిరాకు, తింటే కడుపులో తిప్పడం, అంతే. స్నేక్ ప్లాంట్, క్రోటన్లు కూడా దాదాపు అంతే. వీటి కోసం నిద్ర మానుకోవాల్సిన పని లేదు.

మూడో పని: చోటు

నేల మీద కూర్చుని, పిల్ల చేయి ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి. నిలబడి చేయి చాచినప్పుడు, స్టూల్ ఎక్కినప్పుడు, సోఫా చేతి మీద నిలబడినప్పుడు ఎంత ఎత్తు అందుతుందో చూస్తే, మనం ‘పైన పెట్టాం’ అనుకున్న మొక్కల్లో చాలావాటికి దారి దొరికిపోతుంది. మనీ ప్లాంట్‌ను ఫ్రిజ్ మీద పెట్టి తీగను కిందికి వదిలితే కుండీ ఎత్తున ఉందన్న మాటే గానీ ఆకు పిల్ల నోటి దగ్గరే ఉంటుంది. తీగను పైకి పాకించండి, లేదా పొట్టిగా కత్తిరిస్తూ ఉండండి. వేలాడే కుండీలు మన తల కంటే పైన, కింద కుర్చీ లాగడానికి వీల్లేని చోట ఉండాలి.

బాల్కనీలో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, విషం కంటే ముందు దాన్ని ఆలోచించాలి. రెయిలింగ్‌కు ఆనించి పెట్టిన పెద్ద కుండీ పిల్లలకు మెట్టు. అపార్ట్‌మెంట్ ఎన్నో అంతస్తులో ఉన్నా సరే, రెయిలింగ్ వరుసలో ఎక్కడానికి వీలైన కుండీ, స్టాండ్, మట్టి బస్తా ఏదీ ఉండకూడదు. రెయిలింగ్ బయట తగిలించే కుండీలైతే ఇనుప తీగతో కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే గాలిదుమారానికి అవి కింద ఆడుకునే పిల్లల మీద పడతాయి.

రెండో వరుస మొక్కలకు మిద్దె మంచి చోటు, తలుపుకు తాళం ఉంటేనే. గడియ చాలదు, ఐదేళ్ల పిల్లలు గడియ తీసేస్తారు. తాళం వేసినా మిద్దె మీద బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడు పిల్లలు వెంట వస్తారు కాబట్టి గన్నేరు, అడీనియం, పెన్సిల్ కాక్టస్‌లను దూరపు మూలన, చుట్టూ ఇనుప జాలీ కట్టి ఉంచండి. నాలుగు కర్రలు, కోళ్లకు కట్టే జాలీ ఉంటే ఒక పూటలో అయ్యే పని. నీళ్ల ట్యాంకు మూత పక్కన మాత్రం గన్నేరు పెట్టకండి. ఆకులు, పూలు రాలి ట్యాంకులో పడకూడదు.

మిద్దె లేనివాళ్లు రెండో వరుస మొక్కల్ని నాలుగైదేళ్లు బంధువుల ఇంటికో, పిల్లలు లేని స్నేహితులకో పంపేయడం మేలు. వన్ బీహెచ్‌కే బాల్కనీలో అడీనియం, నడక నేర్చిన పిల్లాడు ఒకే చోట ఉండాలంటే రోజంతా ఒక మనిషి కాపలా ఉండాలి. అది జరిగే పని కాదు.

నాలుగో పని: కాయ కట్టనివ్వకపోవడం

పెంచే పద్ధతిలోనే ప్రమాదం సగం తగ్గించే కిటుకు ఇది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. పిల్లల్ని లాగేది ఎక్కువగా కాయలు, గింజలు, రంగు పళ్లు. పువ్వు వాడగానే తుంచేస్తే కాయే ఉండదు, మొక్క ఇంకా ఎక్కువ పూస్తుంది కూడా. లాంటానా పూల గుత్తి రాలగానే ఆ తొడిమెను కత్తిరించండి. దాని పచ్చి కాయలే ఎక్కువ ప్రమాదం, నల్లగా మెరిసే పళ్లు పిల్లల్ని పిలుస్తాయి. డ్యురాంటా కంచెకు నారింజ రంగు ముత్యాల్లాంటి పళ్లు వేలాడతాయి. కంచెను పొట్టిగా, తరచుగా కత్తిరిస్తూ ఉంటే అది పూతకు రాదు, పళ్లూ ఉండవు. రాత్రిరాణికి తెల్లటి చిన్న పళ్లు వస్తాయి, వాసన అయిపోయిన గుత్తిని వెంటనే తీసేయాలి. గన్నేరుకు, అడీనియానికి పొడుగాటి జంట కాయలు వస్తాయి. అడీనియం గింజలు కావాలనుకునేవాళ్లు కాయకు పలుచని గుడ్డ సంచి కట్టి, పగలకముందే కోసుకోండి.

రాలిన ఆకులు, పూలు రోజూ పొద్దున్న ఊడ్చేయాలి. గన్నేరు ఆకు ఎండినా విషం పోదు. పాకే పిల్లలకు కుండీలో ఉన్న ఆకు కంటే నేల మీద పడిన ఆకే ముందు దొరుకుతుంది.

ఐదో పని: కత్తిరించేటప్పుడు

పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడో నిద్రపోతున్నప్పుడో కత్తిరించండి. రబ్బరు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు. పెన్సిల్ కాక్టస్, జిల్లేడు ముట్టుకునేటప్పుడు అద్దాలు లేకుండా అసలు వద్దు. పెన్సిల్ కాక్టస్ పాలు కంట్లో పడితే భరించలేని మంట పుడుతుంది. జిల్లేడు పాలు ఇంకో రకం. కొన్నిసార్లు నొప్పి పెద్దగా ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే కంటికే నష్టం.

వంటింటి కత్తి, కత్తిపీట ఈ పనికి వాడొద్దు. ఒక కత్తెర విడిగా పెట్టుకుని, పని అయ్యాక సబ్బుతో కడిగి తాళం పెట్టే చోట ఉంచండి. కింద పాత పేపర్లు పరిచి, కత్తిరించినదంతా పేపర్‌తో సహా చుట్టి సంచిలో కట్టేయండి. చేతులు, ముంజేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

ఆ కొమ్మల్ని కాల్చకండి, గన్నేరు పొగ కూడా మంచిది కాదు. రోడ్డు పక్కన పడేయకండి, మన వీధుల్లో ఆవులు, మేకలు చెత్త కుప్పల దగ్గరే తిరుగుతాయి, ఎండిన గన్నేరు ఆకును గడ్డితో పాటు తినేస్తే చచ్చిపోతాయి. సంచి మూతి గట్టిగా కట్టి నేరుగా చెత్త బండి అతని చేతికే ఇచ్చి, ఇందులో గన్నేరు ఉందని ఒక మాట చెప్పండి.

ఆరో పని: నీళ్లు, మందులు

పూలు తేలే ఉరళి ఈమధ్య ప్రతి ఇంటి గుమ్మంలో కనిపిస్తోంది. అందులో గన్నేరు, పచ్చగన్నేరు, అల్లమండ పూలు వేయొద్దు, నీళ్లలోకి విషం దిగుతుంది. మందారం, బంతి, గులాబీ రేకులు వేయండి. మనీ ప్లాంట్ కొమ్మల్ని తాగే గ్లాసుల్లో, నీళ్ల బాటిళ్లలో పెట్టే అలవాటు మానేయాలి. బాటిల్లో ఉన్నవి తాగే నీళ్లేనని పిల్లలకు అనిపించడంలో తప్పేముంది?

నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన కుండీలో మొక్క కంటే మట్టి ప్రమాదం కావచ్చు. పురుగు పట్టకుండా వేసే గుళికలు చిన్న రంగు పూసల్లా మట్టి పైన కనిపిస్తే పైమట్టి రెండంగుళాలు గ్లవ్స్‌తో తీసేసి కొత్త మట్టి వేయండి. ఇంట్లో కుండీలకు వేపనూనె, సబ్బునీళ్లు చాలు, గుళికల మందు పిల్లలున్న ఇంటి గడప దాటకూడదు. ఏ మందునూ కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి ఉంచకండి.

ఏడో పని: పిల్లలకు చెప్పడం

మూడేళ్లలోపు చెప్పడం మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ తర్వాత నుంచి ఒకే ఒక్క నియమం చాలు: ‘అమ్మనో నాన్ననో అడగకుండా ఏ ఆకూ, పువ్వూ, కాయా నోట్లో పెట్టకూడదు.’ ‘ఇది మంచిది, అది చెడ్డది’ అని జాబితా అప్పజెబితే బయటి మొక్క దగ్గర ఆ జాబితా పనికిరాదు.

ఇక్కడ మనమే చేసే ఒక పని ఉంది. నూరు వరహాల పువ్వు తుంచి, కాడ చివర తేనె బొట్టు పీల్చడం మనం చిన్నప్పుడు నేర్చుకున్నాం, ముద్దుగా పిల్లలకూ నేర్పిస్తాం. నూరు వరహాలకు విషం లేదు, నిజమే. కానీ పువ్వు కాడలో తీపి ఉంటుందని ఒకసారి తెలిసిన నాలుగేళ్ల పిల్ల గన్నేరు పువ్వునూ అలాగే పీలుస్తుంది. ఆ సరదా కొన్నాళ్లు వాయిదా వేయండి.

గుజ్జనగూళ్ల ఆట ఆపించకండి, ఆకుల్ని మనమే ఇద్దాం. ఆటకని రెండు మూడు కుండీలు విడిగా పెట్టండి: తులసి, పుదీనా, మందారం, తమలపాకు తీగ, కరివేపాకు. ‘వంటకు ఈ కుండీల్లోవే’ అంటే పిల్లలకు తుంచుకునే హక్కు దొరుకుతుంది, మనకు మనశ్శాంతి. కనకాంబరం, మల్లె, జాజి, స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ కూడా నిశ్చింతగా పెంచుకోవచ్చు.

పెద్దవాళ్లకూ చెప్పాలి. షుగర్ తగ్గుతుందని పిల్లల ముందే బిళ్లగన్నేరు ఆకులు నమిలే తాతయ్యకు, ‘తాతయ్యా, మీరు తింటే వాడూ తింటాడు’ అని నెమ్మదిగా చెప్పండి. ఆ ఆకు ఆయనకూ మంచిది కాదు. పిల్లల్ని చూసుకునే ఆయాకు, పని చేసే అక్కకు ప్రమాదకరమైన కుండీలు దగ్గరుండి చూపించండి.

పండగ రోజుల్లో

ఏడాదంతా జాగ్రత్తగా ఉన్న ఇంట్లోకి వినాయక చవితి రోజు విషపు ఆకులు కట్టగట్టి వస్తాయి. ఏకవింశతి పత్రిలో దత్తూర పత్రం ఉమ్మెత్త, కరవీర పత్రం గన్నేరు, అర్క పత్రం జిల్లేడు. మోండా మార్కెట్‌లో కొన్న కట్టలో ఉమ్మెత్త కాయ, జిల్లేడు పూలు కూడా వస్తుంటాయి. పూజకు కూర్చునే ముందు కట్ట విప్పి ఈ మూడింటినీ విడి పళ్లెంలో పెద్దవాళ్ల వైపు పెట్టుకోండి. ఆ మూడు నామాలకు పెద్దవాళ్లు వేస్తారు, మిగతా పద్దెనిమిదికి పిల్లలు వేస్తారు. ఉండ్రాళ్లు, కుడుముల పళ్లేన్ని పత్రికి ఆనించి పెట్టొద్దు. పిల్లల చేతులు సబ్బుతో కడిగించాకే ప్రసాదం. నిమజ్జనం దాకా పత్రిని తులసి కోట దగ్గర కుప్ప పోయకుండా సంచిలో కట్టి పైన పెట్టండి.

రథసప్తమికి తల మీద, భుజాల మీద జిల్లేడు ఆకులు పెట్టి స్నానం చేయిస్తాం. ముందురోజే ఆకులు కోసి, తొడిమె దగ్గర పాలు కారడం ఆగాక బాగా కడిగి పెట్టుకోండి. నీళ్లు పోసేటప్పుడు పిల్లలు కళ్లు గట్టిగా మూసుకోవాలి, పసిపిల్లలకైతే ఆకును తలకు తాకించి తీసేసి తర్వాత నీళ్లు పోస్తే చాలు.

ఏదైనా తిన్నారని అనుమానం వస్తే

నోట్లో మిగిలింది వేలితో జాగ్రత్తగా తీసి, నోరు పుక్కిలించి, చేతులు కడగండి. వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పచ్చి గుడ్డు, చింతపండు రసం ఏదీ పట్టించకండి. కక్కించబోతే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు, మొక్కల మండే పాలు గొంతును రెండోసారి కాలుస్తాయి.

మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా కుటుంబమైతే చల్లటి నీళ్లు, పాలు లేదా పెరుగు కొద్దికొద్దిగా ఇవ్వండి. గొంతు బొంగురుపోయినా, చొంగ మింగలేకపోయినా, ఊపిరి తీస్తుంటే శబ్దం వచ్చినా నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి చేయండి.

మొక్క పాలు కంట్లో పడితే రెప్ప తెరిచి పట్టుకుని కుళాయి నీళ్ల ధార కింద 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. పిల్ల గింజుకున్నా ఆపొద్దు. ఆ తర్వాత మంట తగ్గినా మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రికో, దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గరికో అదే రోజు వెళ్లాలి.

మొదటి రెండు వరుసల మొక్కలైతే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. గురివింద, ఆముదం, అగ్నిశిఖ తిన్న పిల్లలు కొన్ని గంటల పాటు మామూలుగానే ఆడుకుంటారు, ఆ తర్వాతే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. గన్నేరు, పచ్చగన్నేరు అయితే వాంతులు, నీరసం, నాడి నెమ్మదించడం, గుండె లయ తప్పడం. ఆసుపత్రిలో ఈసీజీ చూస్తూ చికిత్స చేయాలి. ఉమ్మెత్త అయితే కనుపాపలు పెద్దవై, నోరెండి, ముఖం ఎర్రబడి, ఒళ్లు కాలుతూ, పొంతన లేని మాటలు మాట్లాడతారు, లేని వస్తువుల్ని పట్టుకోబోతారు. దాన్ని దిష్టి అనుకుని మంత్రం వేయిస్తూ కూర్చుంటే విలువైన గంటలు పోతాయి.

నిలోఫర్, గాంధీ, ఉస్మానియా, లేదా పిల్లల ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. మొక్క కొమ్మ, మిగిలిన కాయ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఏ భాగం, దాదాపు ఎంత, ఎన్ని గంటలకు, పిల్ల బరువెంత అన్నది చెప్పగలగాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 116 117, ఏ వేళలోనైనా చేయవచ్చు. దారిలో ఉండగా ఇంకొకరు ఫోన్ చేస్తే సమయం కలిసొస్తుంది. పిల్ల మత్తులో ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి, నోట్లో ఏమీ పోయకండి.

గేటు లోపలి మొక్కలు

ఫ్లాట్‌లో ఎంత సర్దుకున్నా పిల్లలు ఆడుకునేది కింద సెల్లార్ పక్కన, పార్కులో. అక్కడ ఉన్నది డ్యురాంటా కంచె, గోడ పక్కన పచ్చగన్నేరు, ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉమ్మెత్త. సాయంత్రాలు మన పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉంటారు. పొద్దస్తమానం అక్కడే గడిపే వాచ్‌మన్ పిల్లలకు, పనికొచ్చిన వాళ్ల వెంట వచ్చిన పిల్లలకు ఆ కాపలా కూడా ఉండదు. అసోసియేషన్ మీటింగ్‌లో ఈ విషయం ఎత్తండి. పచ్చగన్నేరు తీసేసి ఆ చోట మందారమో పారిజాతమో నాటమనండి. డ్యురాంటా ఉంచాలంటే పూత రాకుండా కత్తిరించే పని తోటమాలి నెలవారీ పనుల్లో చేర్చమనండి. వానలు మొదలయ్యాక ఉమ్మెత్త మొలకల్ని కాయ కట్టకముందే వేళ్లతో పీకించాలి, అది జూలైలోనే జరగాలి. 108, 1800 116 117 నంబర్లను, కాంపౌండ్‌లోని ప్రమాదకరమైన మొక్కల ఫొటోలను, పేర్లను తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో ఒకే కాగితం మీద వేయించి లిఫ్ట్ పక్కన ఒకటి, వాచ్‌మన్ గదిలో ఒకటి అంటించండి.